నూట నలభై మూడో పేజీ

పుస్తకాల్రావు మొత్తం అరవై రెండు పుస్తకాలు రాశాడు. బ్యాంకుల చరిత్ర, ఓడల చరిత్ర, సబ్బుల కంపెనీల చరిత్ర, మధ్యమధ్యలో వ్యాపారంలో పైకి రావడమెలాగో చెప్పే పుస్తకాలు. ఆయన అసలు పేరు అట్టల మీద అరచేయంత అక్షరాల్లో ఉంటుంది గానీ, ప్రచురణ సంస్థ ఆఫీసులో వెనకాల అందరూ అనుకునే పేరు ఇదే. పొద్దున్నే పళ్ళు తోముకునేలోపు ఒక అధ్యాయం అయిపోతుందని ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు. చదివితే నిజమేననిపిస్తుంది.

ఆ ఆఫీసులోనే, మెట్ల కింద గదిలో, ఇండెక్సమ్మ కూర్చుంటుంది. పుస్తకం చివర ఏ సంగతి ఏ పేజీలో ఉందో అక్షరక్రమంలో చెప్పే పట్టిక తయారుచేయడం ఆవిడ పని. చెప్పుల డబ్బాల నిండా కార్డులు, చెవి వెనక పెన్సిలు, మనిషి మితభాషి. ఇరవై ఏళ్ళుగా ఎందరి పుస్తకాలకో ఇండెక్సు చేసింది గానీ పుస్తకాల్రావు పుస్తకం మాత్రం ముట్టుకోలేదు. ఎవరైనా తెచ్చి ఇస్తే కళ్ళు నొప్పులని తప్పించుకునేది. నొప్పి కళ్ళలో కాదు, కడుపులో.

సంగతేమిటంటే, ఆవిడ నాన్న తాళాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు టైమ్ కీపర్. ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారో, ఎన్నింటికి పోయారో గేటు దగ్గర కూర్చుని రాసుకునే ఉద్యోగం. రాసే చెయ్యి ఊరుకోదు కదా! ఫ్యాక్టరీలో జరిగిన ప్రతి సంగతీ సొంతంగా నోటుబుక్కుల్లో రాసి పెట్టుకున్నాడు. యజమానుల గొడవలు, సమ్మెలు, గోదాము తగలబడిన సంగతి, అన్నీ కలిపి తొమ్మిది నోటుబుక్కులు. రాత్రిళ్ళు కూతురికి పైకి చదివి వినిపించేవాడు కూడా. అప్పటికి కుర్రవాడైన పుస్తకాల్రావు ఇంటికొచ్చి, "బాబాయ్, బాబాయ్" అంటూ చుట్టూ తిరిగి, రెండు వారాల్లో తెచ్చిస్తానని పట్టుకుపోయాడు. తిరిగొచ్చింది నోటుబుక్కులు కాదు, పుస్తకం. తాళాల ఫ్యాక్టరీ చరిత్ర. ఆయన మొదటి పుస్తకం, అందరూ ఎగబడి కొన్న పుస్తకం. అందులో టైమ్ కీపర్‌కి కృతజ్ఞత ఒక్క ముక్క లేదు. నూట నలభై మూడో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: "ఆ రాత్రి గేటు దగ్గరుండాల్సిన టైమ్ కీపర్ పీకల దాకా తాగి నిద్రపోవడం వల్లే గోదాము కాలిపోయింది."

నాన్న జన్మలో మందు వాసన చూసి ఎరగడు. అడగడానికి వెళ్తే, "ఏ నోటుబుక్కులండీ? మీరెవరో నాకు తెలీదే!" అన్నాడట ఆ మహానుభావుడు. ఆ పేజీని పక్కింటివాళ్ళు తెచ్చి చూపించారు, ఫ్యాక్టరీవాళ్ళు చూపించారు, ఆఖరికి మంగలి కూడా గడ్డం గీస్తూ "తాగేవాడివని తెలీదే అన్నయ్యా" అన్నాడు. అచ్చులో ఉన్నదాని ముందు నాన్న మాట ఎవరూ నమ్మలేదు. నాన్న ఆ పేజీని ఎదుటి పేజీతో కలిపి చుట్టూ స్టేప్లరు పిన్నులు కొట్టేసి, పుస్తకాన్ని బీరువా మీద పడేశాడు. మిగతా పుస్తకం ఆయన చదవనేలేదు. కూతురూ చదవలేదు. నాన్నకిప్పుడు ఎనభై నాలుగు. తన పేరుకంటిన మసి పోకుండానే వెళ్ళిపోతాడేమోనని ఆవిడకి ఒకటే బెంగ.

ఇలా ఉండగా పుస్తకాల్రావు డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆయన పుస్తకాలన్నీ పన్నెండు సంపుటాలుగా వేయాలని నిర్ణయమైంది. పదమూడో సంపుటం మొత్తం ఇండెక్సే.

"నువ్వు తప్ప ఎవరూ చేయలేరమ్మా. కళ్ళజోడు మార్చుకునైనా చెయ్యి," అన్నాడు ఎడిటరు.

ఆవిడ వద్దనబోయి, నాన్న వయసు గుర్తొచ్చి ఆగింది. "చేస్తానండీ," అంది.

తాళాల ఫ్యాక్టరీ చరిత్రతోనే మొదలుపెట్టింది. చేదు మందు ముందే మింగేస్తే సరిపోతుందని. అరవై ఒకటో పేజీకి వచ్చేసరికి పెన్సిలు చెవి వెనక పెట్టేసి మళ్ళీ పైనుంచి చదివింది. అది నాన్న వాక్యం! అక్షరం పొల్లుపోకుండా నాన్న వాక్యం. "గోదాము కాలిన వారమంతా టైమ్ కీపర్ ఊళ్ళో లేడు. చెల్లెలికి ఆపరేషనని సెలవు పెట్టి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గోదాము బూడిదై ఉంది." నోటుబుక్కులో "నేను" అని ఉన్నచోట ఆ పెద్దమనిషి "టైమ్ కీపర్" అని మార్చాడు, అంతే. కాపీ కొట్టే తొందరలో ఏం కాపీ కొడుతున్నాడో చూసుకోలేదు. ఎనభై పేజీలు తిరిగేసరికి మర్చిపోయి, ఊళ్ళో లేనివాణ్ణి తెచ్చి గేటు దగ్గర తాగించి పడుకోబెట్టాడు.

"అడ్డంగా దొరికావురా సచ్చినోడా!" అంది ఇండెక్సమ్మ పైకే. ఇరవై ఏళ్ళలో ఆ గదిలోంచి తిట్టు వినబడటం అదే మొదటిసారి.

ఇక కూర్చుంది చూడండి! ఏడు నెలలు, పదకొండు వేల కార్డులు. ఒక్క అబద్ధం రాయలేదు, ఒక్క విశేషణం వాడలేదు. పేజీ నంబర్లు పక్కపక్కన పెట్టింది, అంతే. ఓడల యజమాని చనిపోతూ అన్న ఆఖరి మాటనే బ్యాంకు స్థాపకుడూ, సబ్బుల వ్యాపారీ కూడా అన్నారని మూడు సంపుటాల పేజీలు ఒకే వరసలో కూర్చున్నాయి. రచయిత పుట్టిన ఇల్లు ఒకచోట పూరిల్లు, ఒకచోట మేడ. రచనా వ్యాపారం గురించి ఆయన రాసిన పుస్తకంలో "చరిత్రకి ఒక దోషి కావాలి, దొరక్కపోతే చిన్నవాణ్ణి చూసి పెట్టుకోండి" అన్న సలహా దొరికింది. దాన్ని "దోషి" కింద చేర్చి, పక్కనే "టైమ్ కీపర్ కూడా చూడండి" అని రాసింది.

ఎడిటరు ప్రూఫులు పట్టుకుని ఒక రోజంతా తలుపేసుకు కూర్చున్నాడు. సాయంత్రం బయటికొచ్చి, "అమ్మా, ఇందులో తప్పు ఒక్కటైనా ఉందా?" అని అడిగాడు.

"చూపిస్తే దిద్దుతానండీ."

"అదే కదా, దొరకలేదు," అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ వాక్యాలు దిద్దీ దిద్దీ జుట్టు నెరిసిన మనిషి. ప్రూఫులు ఆవిడ చేతిలోనే పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పుస్తకాల్రావు వచ్చాడు. సంతకం ఆయనే పెట్టాలి. ఎప్పుడో ఎవరో ఒక కామా మార్చారని రాద్ధాంతం చేసి, తాను సంతకం పెట్టిన ప్రూఫులో ఎవరూ, ఎట్టి పరిస్థితుల్లోనూ, అక్షరం మార్చకూడదని ఒప్పందంలో రాయించుకున్న ఘనుడు.

"ఇండెక్సు చదివేదెవరమ్మా, బడిపంతుళ్ళు తప్ప! ఇంతకీ నా పేరు కింద ఎన్ని పేజీలొచ్చాయి?"

"పదహారండీ."

"పదహారా!" ముఖం చింకి చేటంత అయింది. "ఏ మహారాజుకీ అన్ని రాలేదు కదా?"

"ఎవరికీ రాలేదండీ."

చదవకుండానే సంతకం గీకేశాడు. ఆవిడ సిరా ఆరేదాకా ఆగి, కాగితం జాగ్రత్తగా తీసుకుంది.

ఆవిష్కరణ రోజు హాలు కిటకిటలాడింది. అధ్యక్షుడు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయనకొక అలవాటుంది, ఏ పుస్తకమైనా వెనక నుంచే తెరుస్తాడు. పదమూడో సంపుటం తెరిచి, "ఆహా, రచయిత గారి పేరు కిందే పదహారు పేజీలు!" అని మైకులో చదవడం మొదలుపెట్టాడు. "జననం, పూరింట్లో... జననం, మేడలో..." ఆగాడు. జనం నవ్వారు. ఆ ముగ్గురి ఆఖరి మాటలకొచ్చేసరికి నవ్వులు పెద్దవయ్యాయి. "దోషి" దగ్గర చూడమన్న చోటికి పేజీలు తిప్పాడు. "టైమ్ కీపర్. తాగి గేటు దగ్గర నిద్ర, నూట నలభై మూడు. అదే వారం సెలవులో, వేరే ఊళ్ళో, అరవై ఒకటి. ఇతని నోటుబుక్కులు తొమ్మిది, రచయిత తీసుకున్నవి: ఎక్కడా ప్రస్తావన లేదు." మొదటి సంపుటం తీసి రెండు పేజీలూ వెతికి, రెండు వాక్యాలూ చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పుస్తకాల్రావు ముఖం కందగడ్డ అయిపోయింది. "ఎవరు చేశారిది?"

వెనక వరసలోంచి ఇండెక్సమ్మ లేచింది. "నేనేనండీ. టైమ్ కీపర్ కూతుర్ని."

"కోర్టుకీడుస్తాను నిన్ను!"

"ఈడ్చండి. అక్కడా పేజీ నంబర్లే చదువుతాను. మా నాన్న నోటుబుక్కులెక్కడ?"

"ఆ చెత్తా? ఎప్పుడో పాత కాగితాలవాడికి పడేశాను!" అని అరిచేశాడు, మైకు ముందు నిలబడి.

అన్నేళ్ళుగా తెలీదు తెలీదన్న నోటితోనే ఒప్పేసుకున్నానని ఆయనకి అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. కూర్చుందామని చూస్తే కుర్చీ ఎక్కడుందో కనబడలేదు. ఎవరూ చూపించలేదు కూడా. ఆవిడ జాలి పడలేదు. పడాలని ప్రయత్నించనైనా లేదు.

ఇంటికొచ్చేసరికి, కూతురు పుస్తకాల్రావు సభకి వెళ్ళిందని మాత్రమే తెలిసిన నాన్న వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. "నోటుబుక్కులు దొరికాయా తల్లీ?"

"లేవు నాన్నా. అమ్మేశాడట. తీసుకున్నానని మాత్రం అందరి ముందూ వాడి నోటితోనే అన్నాడు." బీరువా మీది పుస్తకం దించి, దుమ్ము దులిపి, అరవై ఒకటో పేజీ తీసి ఇచ్చింది.

నాన్న వేలు పెట్టి చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. "నా రాతే," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, చిన్న చాకు అడిగి, నూట నలభై మూడో పేజీ పిన్నులు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఇక దాచుకోవాల్సిన అవసరమేముంది!

తర్వాత పుస్తకం వెనక్కి తిప్పాడు. అట్ట లోపలి మడత మీద పుస్తకాల్రావు కుర్రతనపు ఫోటో, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది.

"అమ్మాయ్, ఆ స్టేప్లరు ఇటివ్వు," అన్నాడు నాన్న.

మడతని ఆఖరి పేజీకి ఆనించి, ఫోటో కనబడకుండా మూసి, నాలుగు పక్కలా పిన్నులు కొట్టాడు. ఒకటి మాత్రం సరిగ్గా ముక్కు ఉండే చోట కొట్టాడు.