నాలుకకి తెలియని నీళ్లు

అద్దకం షెడ్డులో చిలపగా కట్టిన నూలుపోగులను ఆఖరి తొట్టిలో జాడించి, గట్టిగా పిండి, కారిన చుక్కను హయాత్ నాలుక మీద వేసుకున్నాడు. జిగురుగా జారితే రంగులో కలిపే కాస్టిక్ సోడా ఇంకా వదల్లేదన్నమాట, మళ్లీ జాడించాలి. చీరాలలో అతని తండ్రీ ఇలాగే చూసేవాడు. మీసాలు రాకముందు నుంచీ కాస్టిక్ రుచి చూసిన నాలుక, ఇప్పుడు దానికి ఉప్పూ కారం ఒకటే. కూర మాడినా వంక పెట్టడని భార్య కరీమున్ మురిసిపోతుంది, పిచ్చిది!

చేతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వేళ్లు తెల్లగా నానిపోయి, పగుళ్లలో నీలం రంగు దిగిపోయింది.

పొద్దున అన్నం క్యారేజీ సర్దుతూ ఇంటర్ చదివే కూతురు సఫూరా ఆ చేతులకేసే చూసింది.

"నాన్నా, కాస్టిక్ ఎంత కలుపుతావు?"

"కేజీ పలుకులకి పాతిక లీటర్ల నీళ్లు."

"అంటే లీటరుకి నలభై గ్రాములు. సరిగ్గా ఒక మోల్." గాల్లో వేలితో రాసుకుంది. "పీఓహెచ్ సున్నా. పద్నాలుగులోంచి సున్నా తీస్తే, పీహెచ్ పద్నాలుగు!"

"పద్నాలుక్కి పద్నాలుగా? ఫస్టుక్లాసే!"

"నవ్వకు. మంచినీళ్లకి ఏడు. మా పుస్తకంలో పద్నాలుగుతో స్కేలు ఆఖరు. ఓ సీసాడు పట్రా, కాలేజీలో పీహెచ్ కాగితం ముంచి ఆ రంగు మీ ఓనరుకి చూపిస్తాను. అప్పుడైనా గ్లౌజులు కొంటాడేమో."

తన చేతుల కోసం ఒకరు పోట్లాడటం హయాత్ ఎరగడు. దారి పొడుగునా సంతోషమే.

మధ్యాహ్నం ఖాళీ నీళ్లసీసా ఒకటి కడిగి, కాస్టిక్ నింపి, గుర్తుగా మెడకి నూలుపోగు కట్టి తొట్టి గట్టున పెట్టాడు. తాగే నీళ్ల సీసా బయట సైకిల్ సంచిలోనే ఉంది. రెండూ ఒకలాంటివే, లోపలి నీళ్లూ ఒకలాగే ఉంటాయి.

రేకుల షెడ్డు, కింద పొయ్యి, శ్రావణమాసపు ఉక్క. కళ్లలోకి చెమట దిగుతోంది.

"హయాత్, లారీ వచ్చేసిందయ్యా! ఇంకా ఆ చిలపలేంటి?" గుమ్మంలోంచి ఓనరు వీరాంజనేయులు కేకేశాడు.

"అయిపోయిందండీ, ఒక్క గుక్క తాగి..."

చెయ్యి చాపితే సీసా తగిలింది. మూత తిప్పి గటగటా తాగేశాడు. ఇంకొకరైతే నోట్లో పడగానే ఉమ్మేసేవారు. ఆ నాలుకకి ఏమీ తెలియలేదు. గొంతు దిగాకే మంట లేచింది.

గుంటూరు ఆసుపత్రిలో రెండోనాడు తెల్లవారుతుండగా పోయాడు. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేకపోయాడు. "నేనే తెమ్మన్నానమ్మా" అని సఫూరా ఏడుస్తుంటే, కరీమున్ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ మాట జీవితాంతం ఆ పిల్ల గొంతులో ఉండబోతుందని ఆ తల్లికి అప్పుడే తెలిసింది.

గ్లౌజులు వచ్చాయి లెండి, ఆ వారమే.

షెడ్డు బయట గోడకి ఆనించిన సైకిల్ హ్యాండిల్‌కి సంచి అలాగే వేలాడుతోంది. అందులో మంచినీళ్ల సీసా, మూత తియ్యకుండా, నిండుగా ఉంది.