దీవికొచ్చేవాళ్ళకు ఒక సిలిండర్ చెప్పే జాగ్రత్తలు

నేను ఒక ఆక్సిజన్ సిలిండర్‌ని. అడుగు కోసేశారు, గాలి ఎప్పుడో పోయింది, ఇప్పుడు గొంతు కూడా పోయింది. మీ మనుషులంటే నాకు ప్రేమ లేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మొహం మాడ్చుకోవద్దు.

పుట్టింది విశాఖపట్నంలో. ఎర్రగా కాల్చి, సాగదీసి, మెడ నొక్కి, కడుపులో గాలి కుక్కారు. లారీ మీంచి ఏనాడూ చేతులతో దించిన పాపాన పోలేదు. కింద పాత టైరు వేసి, దాని మీదికి తోసేవారు. తర్వాత ఒక సరుకుల ఓడ ఎక్కాను. అందులో వెల్డింగ్ పని సూరప్పడిది, భీమిలి వాడు. నా వాల్వు బిగుసుకుపోయినప్పుడల్లా కాలితో తన్ని, "దీన్దుంప తెగ, గాలంతా కడుపులో ఎట్టుకుని కూకుంది" అనేవాడు. నాకు తెలుగు అబ్బింది అలాగే. నా మాట మొరటుగా ఉంటే తప్పు నాది కాదు.

పసిఫిక్ మధ్యలో ఇంజను చెడి, ఆ ఓడ అమెరికన్ సమోవా రేవులో నెల రోజులు ఆగింది. నా వాల్వు ఇక తిరగదని తేలాక సూరప్పడు నన్ను ఫాలనికో అనే పల్లెటూరి మనిషికి ఇచ్చేసి, ఒక పచ్చి అరటిగెల పుచ్చుకున్నాడు. వెళ్తూ వెనక్కి తిరిగి చూడలేదు. గెల బరువుగా ఉన్నట్టుంది.

ఫాలనికో మూడు రోజులు రంపం పెట్టి నా అడుగు కోశాడు. రోడ్డు పక్క సీమపనస చెట్టుకు గొలుసుతో వేలాడదీశాడు. అలా ఊరి గంటనయ్యాను. అతను పోయాక అతని భార్య లుపే, చెట్టు పంగలో ఉండే ఇనపకమ్మీ తీసి కొట్టేది.

అక్కడి ఊళ్ళల్లో పొద్దుగూకే వేళ ప్రార్థన. మొదటి మోతకు ఇళ్ళు చేరాలి. రెండో మోతకు ఎక్కడివాళ్ళక్కడ కూర్చోవాలి. రోడ్డు మీద అడుగు పడకూడదు. మూడో మోతతో అయిపోతుంది. మొత్తం పావుగంట. మీరెవరైనా వస్తే తెలుసుకోవలసింది ఇదీ, ఇంకొంచెమూ. ఊళ్ళో తిరిగేటప్పుడు మోకాళ్ళు కప్పుకోండి. ఊరి ముందరి సముద్రం ఊరివాళ్ళది, అడిగి దిగండి. ఆదివారం అడగను కూడా అడగొద్దు. ఇంత చిన్న విషయాలు మీ బుర్రలకు ఎంత బరువో ఇరవై ఏళ్ళు చూశాను.

ఒక శనివారం తణుకు నుంచి తాతారావు మాస్టారు వచ్చాడు, భార్య సుభాషిణితో. రిటైరైన జాగ్రఫీ మాస్టారు. ఫోన్లో వీడియోలు తీసి, ఏ దేశానికి ఎలా వెళ్ళాలో తెలుగువాళ్ళకు చెబుతాడు. సుభాషిణి తమ్ముడు ఆ దీవిలోనే డాక్టరు. లుపే వాళ్ళు సముద్రం ఒడ్డున అద్దెకిచ్చే కొబ్బరాకు పాకలో అతను వాళ్ళను దింపి, జాగ్రత్తలన్నీ చెప్పి వెళ్ళాడు. సుభాషిణి వింది. మాస్టారు ఫోను తుడుచుకుంటున్నాడు.

సాయంత్రం రెండో మోత మోగింది. మాస్టారు నిక్కరుతో రోడ్డు మధ్యన నడుస్తూ వీడియో తీస్తున్నాడు.

"చూశారా, గంట అనుకునేరు. పాత గ్యాసు బండ. వీళ్ళ కాలజ్ఞానం ఇదీ."

"ఏవండీ, కూర్చోండి. తమ్ముడు చెప్పాడు కదా" అంది సుభాషిణి. ఆమె అప్పటికే గట్టు మీద కూర్చుంది.

"నువ్వు నోర్మూసుకో. వీడియోలో నీ గొంతు పడుతోంది."

నడుముకు లుంగీలు కట్టి, ప్రార్థనవేళ రోడ్డు కాపలా కాసే నలుగురు కుర్రాళ్ళు అతని చుట్టూ నిలబడి ఆపారు. ముట్టుకోలేదు. మాస్టారు గట్టిగా ఇంగ్లిషులో వాదించాడు, తను అతిథినని. చివరి మోత అయ్యాక లుపే అతని ముందుకొచ్చింది.

"మీ ఇంట్లో నువ్వు దేవుడి ముందు కూర్చున్నప్పుడు నేను చెప్పులతో వచ్చి ఫొటో తీస్తే నన్నేమంటావు?"

మాస్టారు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆమె వేలితో సముద్రం చూపించింది. తీరానికి దూరంగా పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. ఒకచోట దానికి గండి ఉంది.

"రేపు ఆదివారం. నీళ్ళలో దిగొద్దు. పోటు తీసేటప్పుడు నీళ్ళన్నీ ఆ గండిలోంచే బయటికి పోతాయి. మనుషుల్ని కూడా తీసుకుపోతాయి."

ఆమె వెళ్ళగానే అతను భార్యతో అన్నాడు. "ఆటుపోట్ల గురించి నాకు చెబుతోంది. ముప్ఫయ్యేళ్ళు ఆ పాఠమేగా చెప్పింది నేను."

మర్నాడు ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని ఊరి చివర చర్చికి వెళ్ళింది. మాస్టారు నీళ్ళలో దిగాడు. సుభాషిణి ఒడ్డున అలల్లో నిలబడి రెండుసార్లు వద్దంది. మూడోసారి అనలేదు. నడుము లోతు నీళ్ళలో ఫోను పైకెత్తి మాట్లాడుతూ, మాట్లాడుతూనే గండి వైపు జరిగిపోయాడు. తర్వాత ఫోను కనిపించలేదు. చెయ్యి మాత్రం కనిపించింది.

సుభాషిణి కేక వేసింది. చర్చిలో పాట హోరుగా ఉంది, ఎవరికీ వినపడలేదు. ఆమె నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పంగలోంచి కమ్మీ తీసింది. ఎత్తింది.

కొట్టలేదు.

కమ్మీ పైకెత్తి పట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడింది. ఏడుపు లేదు, కంగారు లేదు. ఆమె ముఖం నిద్రపోయి లేచినదానిలా తేటగా ఉంది. ఒడ్డుకు ఏడు అలలు వచ్చిపోయాయి. అప్పుడు కొట్టింది. ఇరవై ఏళ్ళలో నన్నెవరూ అంత గట్టిగా కొట్టలేదు. ఉప్పుగాలికి తుప్పు తిన్న నా అంచు నుంచి మెడ దాకా పగులు పాకింది. అయినా ఆపలేదు. చర్చిలో పాట ఆగింది.

తెల్లబట్టలతోనే పరుగెత్తారు. ఇద్దరు పడవ తోసుకుని వెళ్ళి, గండి అవతల అతని జుట్టు పట్టి లాగారు. ఒడ్డున పడేసి నీళ్ళు కక్కించారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ పలకరించలేదు. ఒకరు పొడి లుంగీ విసిరి వెళ్ళిపోయారు.

తమ్ముడి కారు వచ్చేదాకా మొగుడూ పెళ్ళాలు నా కింద కూర్చున్నారు. మాస్టారికి కాస్త ఊపిరి అందగానే నోరు తెరిచాడు.

"ఇంకో నిమిషం ఆగితే నేనే వచ్చేసేవాణ్ణి. అనవసరంగా ఊరంతా పోగేశావు."

"ఆగానండి" అంది సుభాషిణి.

"ఏంటి?"

"కమ్మీ చేత్తో పట్టుకుని ఆగాను. కొట్టాలా, వద్దా అని."

మాస్టారు ఆమె వంక చూశాడు. నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. తడి చీర అంచు పిండుకుంటోంది.

"ఎంతసేపు?" అన్నాడు.

"చెప్పలేనండి. చాలాసేపే."

కారు వచ్చింది. సుభాషిణి లేచి, గంట చూడ్డానికొచ్చిన లుపే ముందు తలవంచి నిలబడింది, క్షమించమంది. లుపే నా పగులు మీద వేలు పెట్టి పైదాకా రాసి చూసింది.

"నువ్వు మళ్ళీ రా" అంది.

"ఆయన?"

"నువ్వు రా అన్నాను."

ఆమె ముందు సీటులో కూర్చుంది. మాస్టారు వెనక సీటులో సర్దుకున్నాడు. తర్వాత అతను కొత్త ఫోనుతో ఒక వీడియో పెట్టాడట. ఆ దీవి మనుషులు మోటు, వెళ్ళకండి అని. డాక్టరు తమ్ముడు లుపేకు చెబుతుంటే విన్నాను. మంచి సలహా. అతను చెప్పిన వాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

పగిలాక నన్ను కొడితే చిల్లుబిందెలా గరగరమన్నాను. నన్ను దించి, లుపే ఇంటి వెనక విరిగిన పడవలూ కారు డోర్లూ ఉన్నచోట పడేశారు. చెట్టుకు ఇంకో సిలిండర్ కట్టారు. దాని గొంతు బాగానే ఉంది. కోళ్ళు నాలో గుడ్లు పెడుతున్నాయి.

సుభాషిణిని మీరు తప్పుపడతారని తెలుసు. పట్టండి. కానీ ఆ ఏడు అలలసేపు ఆమె ఒక్కతే లేదు. కొట్టొద్దు, కొట్టొద్దు అని నేను గొలుసు బిగబట్టుకుని ఉన్నాను. చేతులుంటే ఆ కమ్మీ లాక్కునేదాన్ని. ఆమె నా మాట వినలేదు.