తెలిసిన లోపమే

తొమ్మిదో నంబరు కంప్యూటరు మొండిది. మీట నొక్కగానే వెలగదు. పక్కన అరచేత్తో ఒకటి తగిలించి మళ్లీ నొక్కాలి. టోకెన్లమ్మ ఒకటి తగిలించింది, అది గుర్రుమంటూ లేచేదాకా నిలబడింది, ఆ తర్వాత గుడ్డతో ఎనిమిదో దాని తెర తుడవసాగింది. గ్రంథాలయం తలుపులు తీయడానికి ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంట కోసమే ఆమె రోజూ అందరికంటే ముందు వస్తుంది.

ఆమెకు యాభై రెండేళ్లు. పొట్టి మనిషి, పెద్ద కళ్లద్దాలు, కుడిచేతి చూపుడువేలు మీద చెరగని సిరా మరక. పదకొండేళ్లుగా తొమ్మిది చెక్క టోకెన్లు పంచుతోంది కాబట్టి, హాజరు పుస్తకంలో ఉన్న పేరును జనం ఎప్పుడో మరిచిపోయారు. ఒక టోకెనుకు ఒక గంట. గంట కాగానే కుర్చీ వెనక నిలబడి దగ్గుతుంది. ఆ దగ్గు విన్నాక కూడా లేవని మనిషి ఇంతవరకు ఆ గదిలోకి రాలేదు.

పంచుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకటే మంచం, ఒకటే సైకిలు. ఆ సైకిలెక్కి చెల్లెలు కాలేజీకి వెళ్లింది, ఈమె టైపు నేర్చుకోవడానికి నడిచి వెళ్లింది. పెళ్లయ్యాక వంటగదిలో సగం తోడికోడలిది. మొగుడైనా పూర్తిగా తనవాడా అంటే, ఆయన సగం తల్లి మాటా సగం తమ్ముడి మాటా విని, మిగిలిన దాంతో భార్య మాట వినేవాడు. ఊరందరూ వాడుకునే ఈ తొమ్మిది కంప్యూటర్లే చిత్రంగా ఆమె ఒక్కదానివి అయ్యాయి. ఏది ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ మీట ఊడి పడుతుందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

మూడు వారాల క్రితం వరకు సంగతి ఇది. అప్పుడు పెద్దాఫీసు వాళ్లు ఈ కంప్యూటర్లన్నిటినీ ఒక్కచోటి నుంచి నడిపించే సాఫ్ట్‌వేరు ఒకటి పంపించారు. దానితోపాటు దాన్ని పెట్టి నడపడానికి ఒక అమ్మాయిని కూడా పంపించారు. పాతికేళ్లుంటాయేమో. వచ్చిన మొదటి రోజు నుంచే "అక్కా, అక్కా" అంటూ వెంట తిరిగింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని టోకెన్లమ్మ ఆ రోజే లోపల అనుకుంది. పైకి మాత్రం "కాఫీ తాగుతావా అమ్మా" అంది.

అమ్మాయి ఆమె చేతిలో ఒక కాగితం పెట్టింది. పైన 'కావలసిన అర్హతలు' అని ఉంది. ఇంత మెమరీ ఉండాలి, డిస్కులో ఇంత ఖాళీ ఉండాలి. ఆ లెక్కన తొమ్మిదో నంబరుకు అర్హత లేదట. "నాకూ పదో తరగతే కదే" అని ఆమె ఆ రోజు తొమ్మిదో దాని నెత్తిన మామూలు కంటే కొంచెం మెల్లగా తట్టింది. కింద 'తెలిసిన లోపాలు' అని ఒక జాబితా. చేసినవాళ్లే తమ లోపాలు రాసి పంపడం ఆమెకు వింతగా తోచింది. అందులో చివరిది బాగా నచ్చింది: ఒక సమయంలో ఒక్క నిర్వాహకుడే లోపల ఉండగలడు, రెండోవారు ప్రవేశిస్తే మొదటివారు బయటికి పంపబడతారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నమాట. సాఫ్ట్‌వేరుకైనా ఆ మాత్రం జ్ఞానం ఉంది. ఆ వాక్యం కాగితం వెనకవైపు కూడా కొనసాగిందని ఆమె చూడలేదు.

ఆ రోజు నుంచి మొదలైంది ఆ ఆట. అమ్మాయి తన లాప్‌టాప్‌లో ఏదో చేసుకుంటూ ఉంటే, టోకెన్లమ్మ తన బల్ల మీది కంప్యూటర్లో పాస్‌వర్డు కొట్టి సాఫ్ట్‌వేరు లోపలికి వెళ్లేది.

"అక్కా, మళ్లీ బయటికి తోసేసిందే నన్ను!"

"ఏమోనమ్మా, నీ సాఫ్ట్‌వేరు సంగతి నాకేం తెలుసు."

అమ్మాయి నవ్వి మళ్లీ మొదలుపెట్టేది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది. సోమవారం లైబ్రేరియన్ గారు ఇద్దరినీ పిలిచి, గదికి ఒక్కరే చాలనీ, రెండోవారు దినపత్రికల విభాగానికి వెళ్లాలనీ, ఎవరన్నది గురువారం సాయంత్రం చెబుతాననీ అన్నారు. ఈరోజే గురువారం.

పదకొండింటికి మేస్త్రి వచ్చాడు. కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రి. డెబ్బై దాటాయి, చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు. నాలుగు నెలలుగా ఏడో నంబరు దగ్గర కూర్చుని, మిషను విప్పి బిగించే విద్యంతా ఒక్క వేలితో టైపు చేస్తున్నాడు. మధ్యాహ్నానికి ముందొక టోకెను, తర్వాతొకటి. పెన్‌డ్రైవు కొనుక్కుంటానని మొదట్లో అన్నాడు. "నేనుండగా మీకెందుకండీ ఆ తంటా? ఇక్కడే ఉంటుంది, నేను చూసుకుంటాను" అని ఆమే వద్దంది. వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ అతను తన పని భద్రమేనా అని అడగడం, భద్రమేనని తను చెప్పడం ఆమెకు ఇష్టం.

అయితే ఈరోజు నుంచి కొత్త పద్ధతి. ఒంటిగంటకు కంప్యూటర్లన్నీ వాటంతట అవే ఆరి వెలుగుతాయి. మినహాయింపుల జాబితాలో ఉన్నవి తప్ప, జనం దాచుకున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మేస్త్రి రాత ఆ జాబితాలో ఎలా పెట్టాలో ఆమెకు తెలియదు. అడిగితే అమ్మాయి చిటికెలో చెప్పేదే. మూడు రోజులుగా అడుగుదామనుకుంటోంది, నోరు రావడం లేదు.

పదకొండున్నరకు తలెత్తి చూస్తే, అమ్మాయి మేస్త్రి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఏదో చూపిస్తోంది.

"మీ ఫైలుకేం కాదు తాతగారూ. జాబితాలో పెట్టేస్తున్నా."

"నీకు పుణ్యముంటుంది తల్లీ."

తల్లీ! నాలుగు నెలలు కాపలా కాసిన తనను 'ఏమమ్మా' దాటి పిలిచిన పాపాన పోలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తల్లి అయిపోయింది. టోకెన్లమ్మ తన కుర్చీ ముందుకు లాక్కుంది. పాస్‌వర్డు కొట్టింది. పిల్ల బయటికి పోతుంది, ముసలాయన ముందు తెల్లమొహం వేస్తుంది, అంతే కదా అనుకుంది.

కానీ సరిగ్గా అప్పుడే లైబ్రేరియన్ గారు పిలవడంతో, అమ్మాయి భద్రపరిచే మీట నొక్కి లాప్‌టాప్ మూత వేసి లేచింది. తెల్లమొహం వేయలేదు. టోకెన్లమ్మకు నిరాశ కలిగింది.

రెండింటికి మేస్త్రి రెండో టోకెను తీసుకుని కూర్చున్నాడు. తెర పైనుంచి కిందిదాకా వెతికాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"ఏమమ్మా, ఇందులో నాది ఏదీ కనిపించట్లేదు."

ఆమె పరుగున వెళ్లింది. వెతికింది. ఏడో నంబరు ఆ ఉదయమే కొన్నట్టు శుభ్రంగా ఉంది. అమ్మాయి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారో అందులో వరసగా ఉంటుంది. అమ్మాయి వేలు పదకొండున్నర వరస దగ్గర ఆగింది. తలెత్తి టోకెన్లమ్మ కళ్లలోకి ఒక్కసారి చూసింది. 

"సాఫ్ట్‌వేరు తప్పండి తాతగారూ," అంది అమ్మాయి. "ఇది తెలిసిన లోపమే. ఇంకోసారి చూసుకోవాల్సింది. నేనే చూసుకోలేదు."

"తిరిగి రాదా?"

"రాదండి."

నేనే చేశానని చెప్పడానికి టోకెన్లమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి దగ్గు వచ్చింది. గంట అయిందేమోనని మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, మీ గంట ఇంకా ఉంది," అందామె కంగారుగా. "మళ్లీ మొదలుపెడదాం. మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను."

మేస్త్రి నవ్వాడు. "ఒకసారి విప్పిన మిషను రెండోసారి విప్పితే మొదటి బిగువు రాదమ్మా. ఇక ఓపిక లేదు." టోకెను ఆమె చేతిలో పెట్టాడు. వణుకుతున్న ఆ వేళ్లు ఆమె అరచేతికి తగిలాయి. "మీరిద్దరూ బాగా చూసుకున్నారు" అని, చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె కిటికీలోంచి చూసింది. వెనక్కి పిలిచే ధైర్యం లేకపోయింది.

అప్పుడు ఆ లోపాల కాగితం తిప్పి వెనకవైపు చదివింది. 'మొదటివారు చేసిన మార్పులు భద్రం కావు. భద్రమైనట్టే కనిపిస్తుంది.'

సాయంత్రం లైబ్రేరియన్ గారు తలుపు దగ్గర నిలబడి చెప్పారు. "గది మీదేనమ్మా. ఈ కంప్యూటర్ల గుణం మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆ అమ్మాయే చెప్పింది. తను రేపటి నుంచి పేపర్ల దగ్గరికి వెళ్తుంది."

అమ్మాయి సంచి భుజాన వేసుకుంది. "వస్తానక్కా."

తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో పెట్టి కడిగి ఉంటే, టోకెన్లమ్మ ఇంటికెళ్లి ఏడ్చి, రేపు ఆ పిల్లను హాయిగా ద్వేషించి ఉండేది. పిల్లేమో నేరం కప్పేసింది, గదీ ఇచ్చేసింది. చెల్లెలికి పోయిన సైకిలు, కాలేజీ, ఈ పిల్లకు పోయిన తల్లీ అనే మాట, అన్నిట్లో ఓడింది సరే, మంచితనంలో కూడా ఈ పిల్లదే పైచేయి అయింది. ఆమెకు సిగ్గు వేసింది. సిగ్గు కింద ఇంకా మంటే ఉంది. అది ఉన్నందుకు మళ్లీ సిగ్గు వేసింది.

అందరూ వెళ్లాక ఒక్కొక్కటే ఆర్పుకుంటూ ఏడో నంబరు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు తొమ్మిదీ తనవే. అడిగేవాళ్లు లేరు, తోసేవాళ్లూ లేరు. కుర్చీ బల్ల కిందికి నెట్టబోతూ ఆగిపోయింది.

మీటల పలక పక్కన, చూసి రాసుకోవడానికి మేస్త్రి తెచ్చుకున్న ఇనప బాబిన్ ఒకటి నిలబెట్టి ఉంది. దానికి చుట్టిన నీలం దారం కొస బల్ల అంచు దాటి వేలాడుతోంది.