సంపు గోడ మీది వైరు

బస్సులో నీళ్ళు పారుతున్నాయి. చీలమండల దాకా వచ్చిన ఆ నీళ్ళలో, సీట్ల మధ్య సందులో, మా ఆయన ఓదేలు టికెట్ల సంచి భుజానికి తగిలించుకుని, ఖాకీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒట్టి కాళ్ళతో నా వైపు నడిచి వస్తున్నాడు. ఆయన చనిపోయాడని నాకు తెలుసు, బస్సులో ఉన్నవాళ్ళకు మాత్రం తెలియనట్టుంది, ఒక్కొక్కరూ చేయి చాచి టికెట్ తీసుకుంటున్నారు, కిటికీల బయట పెద్దపల్లి బస్టాండు ఉండాల్సిన చోట తడిసిన గోడ ఒకటి బస్సుతో పాటే కదులుతూ వస్తోంది.

"యాడికి పోవాలెనమ్మా?" అని అడుగుతాడు, నేనెవరో తెలియనట్టు.

"నీళ్ళల్ల ఒట్టికాళ్ళతోని నిలబడకయ్యా" అంటాను. "చెప్పులేవి నీయి?"

అప్పుడు తలెత్తి నన్ను గుర్తుపడతాడు. "ఏమే కనకా, నువ్వా! గింత చిక్కినవేందే?" అని పక్కకు జరిగి నాకు దారి ఇస్తాడు, నేను మెట్టు దిగితే అది మా ఇంటి పెరడు, బస్సు మా బట్టల బండ పక్కనే ఆగి ఉంది, నా రెండు చేతుల్లోనూ నీళ్ళ బిందెలు ఉన్నాయి. అవి ఎప్పుడు ఎత్తుకున్నానో గుర్తు లేదు, కానీ భుజాల నొప్పి మాత్రం ఇక్కడికి కూడా నాతో వచ్చింది.

"మోటారు ఉండంగ వీధి నల్లా కాడికెళ్ళి ఎందుకు మోస్తున్నవ్?" అంటాడు.

"మోటారు నడిపియ్యనిస్తలేను."

"ఎవల్ని?"

"ఎవల్నీ."

ఆయన సంపు గోడ వైపు చూస్తాడు. మోటారు నుంచి వంటగది గుమ్మం పక్కనున్న స్విచ్చుబోర్డు దాకా ఆ గోడ మీదుగానే నల్లటి వైరు పోతుంది, మధ్యలో ఎలుక కొరికిన చోట ఆయన చుట్టిన టేపు ఉబ్బెత్తుగా ఉంటుంది. టేపు చుట్టిన తర్వాత, గోడ తడిసినప్పుడల్లా ఆ గోడకున్న ఇనుప నల్లా ముట్టుకుంటే వేళ్ళు జిల్లుమనేవి. నేను చేయి విదిలించుకుంటే ఆయన నవ్వేవాడు, ఆయన విదిలించుకుంటే నేను నవ్వేదాన్ని. డ్యూటీ లేని రోజు కొత్త వైరు వేస్తానన్నాడు. డ్యూటీ లేని రోజున నిద్రపోయాడు, అంతలా అలసిపోయేవాడు మరి.

ఆ పొద్దున వాన పడి వెలిసింది. మోటారు నడుస్తుండగానే బకెట్ పెట్టి నల్లా తిప్పబోయాను, నా చెయ్యి ఇనుముకు అతుక్కుపోయింది. అరుద్దామంటే గొంతు రాలేదు, పళ్ళు బిగుసుకుపోయి లోపల్నించి ఒక మూలుగు మాత్రం వచ్చింది. గుమ్మంలో చాయ్ తాగుతున్న ఆయన గ్లాసు విసిరేసి ఉరికొచ్చి, రెండు చేతులతో నా జబ్బ పట్టుకుని గుంజాడు. నేను బట్టల బండ పక్కన పడ్డాను. ఆయన ఆ నీళ్ళలో కాలుజారి నల్లా పైపు మీద పడ్డాడు. పక్కింటి సాయవ్వ వచ్చి స్విచ్చు బంద్ చేసేసరికి అయిపోయింది.

భార్య కోసం ప్రాణమిచ్చాడని ఊరంతా అంటుంది. చుట్టాలొచ్చినా అదే మాట, పెళ్ళికి పోయినా అదే మాట, తల ఊపి ఊపి నేను అలసిపోయాను. నేను అడగాలనుకున్నది మాత్రం అడగడానికి మనిషి లేడు. ఇప్పుడు ఎదురుగా ఉన్నాడు.

"స్విచ్చు నువ్వు నిలబడ్డ కాడనే ఉండె గదా" అంటాను. "చెయ్యి లేపితే అందుతుండె. అది బంద్ చేసి వస్తే నువ్వూ ఉందువు, నేనూ ఉందు. ఎందుకు బంద్ చెయ్యలేదయ్యా?"

కోపంగా అడగాలని ఇన్నాళ్ళూ దాచుకున్న మాట, తీరా నోట్లోంచి నీరసంగా జారిపోతుంది. ఆయన బట్టల బండ మీద కూర్చుంటాడు. చేతిలో చాయ్ గ్లాసు ఉంది, పగల్లేదు, తాగుతున్నా తగ్గడం లేదు. బస్సులోని వాళ్ళు దిగి, మా పెరట్లో వరుసగా నిలబడి, ఆయన జవాబు కోసమే అన్నట్టు ఎదురు చూస్తున్నారు.

"బోర్డు నా భుజానికి తాకింది గూడ" అంటాడు చివరికి. "గీసుకపోయింది. గని నాకు అది స్విచ్చు అని తెల్వలే కనకా. గోడ తెల్వలే, నీళ్ళు తెల్వలే. నువ్వొక్కదానివే కనబడ్డవ్."

నేను బిందెలు అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాను. పెరడు మెల్లగా వెడల్పవుతోంది, సాయవ్వ ఇల్లు ఎక్కడికో దూరం జరిగిపోయింది, నేల మీద నీళ్ళు మాత్రం అంతే ఉన్నాయి.

"బిడ్డ ఎట్లున్నది?" అంటాడు.

"రవళి కాన్పుకొచ్చి ఇంటికాడనే ఉన్నది. పాప పుట్టింది. ఇప్పుడిప్పుడే పాకుతున్నది. గుడ్డలు ఉతుకుడే సరిపోతున్నది, నీళ్ళు ఎన్ని తెచ్చినా సాల్తలేవు." చెబుతుంటేనే నా భుజాలు ఇంకా కిందికి దిగుతున్నాయి. "నిన్న నేను నల్లా కాడికి పోయినప్పుడు మోటారు ప్లగ్గు పెట్టింది. నా కష్టం చూడలేక పెట్టిందట. నేనొచ్చి ప్లగ్గు గుంజేసి నోటికొచ్చినట్టు తిట్టిన. వైరు మారిపియ్యి, లేకుంటే పాపను తీస్కొని అత్తగారింటికి పోత అన్నది."

"మారిపియ్యొచ్చు గదా."

"నేనే వద్దంటున్న."

"ఎందుకే?"

ఆయన లేచి గోడ దగ్గరికి పోయి, టేపు చుట్టిన చోట వేలు పెట్టి చూస్తాడు, నేను వద్దు వద్దంటాను, కానీ ఆయనకు ఏమీ కాదు, ఆయనకు ఇంక ఏమీ కాదు కదా. టేపు కొస లేచి ఎండిన ఆకులా వేలాడుతోంది.

"ఇదేం చుట్టుడే? నేనేనా చుట్టింది?" అని నవ్వుతాడు. "పాత టేపు. అంటుతనే లేకుండె. ఏదో చుట్టి లేచిన."

"నవ్వకయ్యా." బిందెల్లోంచి నీళ్ళు తొణికి నా కాళ్ళ మీద పడుతున్నాయి. "నీ అంగీలు ఇచ్చేసిన. నీ సంచి డిపోల తీస్కున్నరు. ఆ టేపు మీద నీ వేళ్ళ గుర్తులున్నయి, రోజూ చూస్త. నీ చేతులు చేసిన ఆఖరి పని అదొక్కటే మిగిలింది. అది గూడ తీసి పారేస్తే ఇంక ఈ ఇంట్ల నువ్వు యాడున్నట్టు?"

ఆయన నవ్వు ఆపి నా వైపు తిరుగుతాడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చినప్పుడు ఉండే మొహం, కళ్ళ కింద దుమ్ము, అంత అలసటలోనూ నా మాట పూర్తిగా విన్న మొహం.

"ఆఖరి పని గది కాదు" అంటాడు.

"మరేంది?"

"నిన్ను గుంజిన. గదీ ఆఖరిది."

బిందెలు నా చేతుల్లోంచి ఎప్పుడు దిగాయో తెలియదు. నా పక్కన నేల మీద ఉన్నాయి, నిండుగా, కదలకుండా. నా చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి, వాటిని ఏం చేసుకోవాలో నాకు తోచడం లేదు.

ఎక్కడో విజిల్ ఊదారు. ఊదవలసింది ఆయనే, కానీ ఇంకెవరో ఊదారు. జనం మళ్ళీ బస్సెక్కుతున్నారు. ఆయన సంచి సర్దుకుంటూ, పొద్దున డ్యూటీకి పోయే ముందు చెప్పినట్టే గబగబా చెబుతున్నాడు. "అతుకు లేని వైరు ఏపియ్యి. గోడ మీదికెళ్ళి కాదు, పైపుల ఏసి పైకెళ్ళి గుంజమను. ఎర్తు పెట్టియ్యమను, మరువకు. మోటారు నడిసేటప్పుడు నల్లా ముట్టొద్దు. జిల్లుమంటే నవ్వకున్రి, మనలెక్క."

"నేనూ వస్త" అంటాను.

"నువ్వు యాడికే? పాప లేసే యాళ్లయింది." ఆయన తడిచేత్తో నా జబ్బ పట్టుకుంటాడు, అదే చోట, కానీ ఈసారి మెల్లగా. "లే" అంటాడు, నేను నిలబడే ఉన్నాను, అయినా "లే, లే" అంటున్నాడు, గొంతు సన్నబడుతోంది.

"లే అమ్మా."

కళ్ళు తెరిచాను. మధ్యాహ్నపు ఎండ తలుపు సందులోంచి పడుతోంది. ఊయల పక్కన చాప మీద, అన్నం తిన్న చోటనే ఒరిగి నిద్రపోయాను. రవళి నా మీదికి వంగి జబ్బ పట్టుకుని కదుపుతోంది, ఉతుకుతున్న గుడ్డలు వదిలేసి వచ్చినట్టుంది, దాని వేళ్ళ తడి నా రవికె చేతికి అంటింది.

"నిద్రల ఏడుస్తున్నవేందే అమ్మా?" అంది. నిన్నటి కోపం ఇంకా పూర్తిగా పోలేదు దాని గొంతులో.

నేను లేచి కూర్చున్నాను. ఊయలలో పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"కరెంటు పనిచేసే సదానందాన్ని పిలువు బిడ్డా" అన్నాను. "ఆ వైరు తీసేయించు. కొత్తది ఏపిద్దాం."

అది నా మొహంలోకి చూసింది.

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. సదానందం వచ్చేదాక మెయిన్ స్విచ్చు బంద్ చేసి పెట్టు."

రవళి గబగబా బోర్డు దాకా పోయి, చేయి ఎత్తి, ఆగింది. చేతి వంక చూసుకుంది. వెనక్కి వచ్చి, దండెం మీది పొడి తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకుంటోంది, అరచేతులు, మణికట్లు, వేళ్ళ సందులు, ఒక్కొక్కటే, తొందర లేకుండా.