మర ఐదు దాటితే

నేను ఒక చిన్న వాల్వు ఆంప్లిఫయర్‌ని. గిటారు తీగ గుసగుసగా చెప్పిన మాటను గదినిండా వినిపించడం నా పని. సికింద్రాబాదులో ఒక రేడియో మెకానిక్ పాత రేడియోల లోపలి సామాను ఏరి, టేకు పెట్టెలో నన్ను కూర్చాడు. స్విచ్చి వేయగానే పలకను. లోపలి గాజు వాల్వులు ఎర్రగా కాగాలి. ఆ కాస్త ఆగడం మనుషులకు మహా కష్టం. నెత్తిన ఒకటి మొట్టి, అందుకే పలికాననుకుంటారు.

నన్ను కొన్నవాడు సాల్మన్, కాజీపేట రైల్వే కాలనీలో ఉండే ఇంజను డ్రైవరు. నా హద్దు అతనికి బాగా తెలుసు. వాల్యూమ్ మర ఐదు వరకూ నా గొంతు తియ్యన, అది దాటితే బొంగురు. "చిన్న పానం, ఒర్లనియ్యద్దు" అనేవాడు.

అతని కూతురు రూతు మూడేళ్ళప్పుడు నిమోనియాతో పోయింది. నా పక్కనున్న మంచం మీదే. ఆ తర్వాత సాల్మన్ డ్యూటీ లేని మధ్యాహ్నాలు తలుపు మూసుకుని మరను పది దాకా తిప్పేవాడు. గిటారు ఒళ్ళోనే ఉండేది, వాయించేవాడు కాదు. వంటింట్లోంచి భార్య ఎస్తేరమ్మ విసుక్కునేది.

"గా డబ్బ ముంగట ఊకె కూసుంటే ఏమొస్తది?"

అతను నా దగ్గరికి ఇంకాస్త జరిగేవాడు.

ఏళ్ళు గడిచి సాల్మన్ కూడా పోయాడు. నన్ను చర్చికి ఇచ్చేద్దామనుకుంది ఎస్తేరమ్మ. అక్కడ గిటారు వాయించే కృపాకర్ నన్ను పరీక్షించడానికి వచ్చాడు. మెల్లగా మీటాడు, గట్టిగా మీటాడు, తల ఊపాడు.

"గొంతు మస్తుందమ్మా. డ్రమ్ముల ముంగట నిలవదు గని పాటలకు సాలు. ఎంత దాకా ఓర్సుకుంటదో సూస్త."

తీగలను అరచేత్తో మూసి, మరను చివరిదాకా తిప్పాడు.

నాలోంచి ఊపిరి వినిపించింది.

ఎస్తేరమ్మ ఉలిక్కిపడింది. కృపాకర్ నవ్వాడు. "పాత వాల్వు గదా, మైకు లెక్క అయితది. మన దమ్మే మనకు ఇనొస్తది. జర ఆపు, సూపిస్త."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

అది ఆగలేదు. పొట్టిగా, వేగంగా, ప్రతిదాని చివరా సన్నని ఈలతో వస్తూనే ఉంది.

కృపాకర్ చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. ఎస్తేరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"రూతు," అంది. "పోయిననాడు గిట్లనే ఎగబోసింది."

నేలమీద కూలబడి నా స్పీకరు మీది గుడ్డకు చెవి ఆనించింది. పళ్ళు బిగించి అంది, "గిందుకేనా ఆయన తలుపేసుకున్నది! నాకొక్క మాట జెప్పకపాయె."

"వాల్వు మారిస్తే పోతదేమోనమ్మా," అన్నాడు కృపాకర్. "మార్చాల్నా? ఉంచుకుంటవా?"

ఆమె ముఖంలో ఆశ కదిలింది. అలాంటి ఆశనే సాల్మన్ ముఖంలో ఎన్నో మధ్యాహ్నాలు చూశాను. ఇంతలో ఆ ఊపిరి ఒకసారి అడ్డం పడి, తంటాలు పడి మళ్ళీ అందుకుంది.

"తీసెయ్," అంది. "ఆయన ఇనుకుంట కూసున్నడు. పిల్ల ఇన్నేండ్లు ఆయాసపడ్డది. ఇగ సాలు."

కృపాకర్ నన్ను ఆర్పేసి, కాలుతున్న వాల్వును గుడ్డతో పట్టి లాగాడు. ఆ ఊపిరి నాలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేనే పట్టి ఉంచానేమో, అదీ తెలియదు.

ఇప్పుడు చర్చిలో ఉన్నాను. కొత్త వాల్వుతో నా గొంతు శుభ్రంగా ఉందంటారు. ఒక్కో ఆదివారం ప్రార్థనకు ముందు అందరూ మౌనంగా ఉన్నప్పుడు, కృపాకర్ నా మర తగ్గించడం మరిచిపోతాడు. ముందు బల్ల మీది ఎస్తేరమ్మ నా వైపు వంగి వింటుంది. నా దగ్గర సన్నని హోరు తప్ప ఇంకేమీ లేదు. ఆమె వెనక్కి వాలి, గుండెలనిండా ఊపిరి పీల్చి వదులుతుంది.

దాన్ని మాత్రం నేను పట్టుకోను.