పిట్టకు ఇచ్చిన మాట

ఆదివారం మధ్యాహ్నం కనకమహాలక్ష్మి ఇడ్లీకి పప్పు రుబ్బుతుంటే నాచారం నుంచి ఒకావిడ వచ్చింది. మైలలో ఉన్నానంటూ గడప బయటే నిలబడిపోయింది. పేరు కౌసల్యమ్మ. కొడుకు శివ బండి మీద పోతూ పీర్జాదిగూడ దగ్గర లారీ కింద పడి చనిపోయాడని, ఇవాళ మూడో రోజని చెప్పింది. పొద్దుటి నుంచీ డాబా మీద విస్తరిలో వాడి పేరిట అన్నం పెట్టి కూర్చున్నారట. కాకులు వస్తున్నాయి, చూస్తున్నాయి, ముట్టడం లేదు. పిట్ట ముట్టందే ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టకూడదు. వాడికి తీరని కోరికేదో మిగిలిందనుకుని, చెల్లెల్ని చదివిస్తానని తండ్రి మాటిచ్చాడు. వాడు తెచ్చుకున్న కుక్కపిల్లను సాకుతానని తల్లి చెప్పింది. అయినా పిట్ట దిగలేదు.

“నీ బిడ్డ ఒక్కసారి రావాలక్కా. ఆని పానమంతా గామె మీదనే ఉండె.”

శివ అనే పిల్లాడు ఒకడున్నాడని కనకమహాలక్ష్మికి అప్పుడే తెలిసింది. గ్రైండర్ ఆపి కూతురి వైపు చూసింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆమని గోడకు ఆనుకుని నేల చూస్తోంది. వారమంతా బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయిన తల్లికి తిట్టే ఓపిక కూడా లేదు. చేతులు కడుక్కుని చెప్పులేసుకుంది.

చిల్కానగర్ సందుల్లోంచి నాచారం వైపు కౌసల్యమ్మ ముందు నడుస్తుంటే, వెనక ఆమని తల్లికి మెల్లగా అంతా చెప్పింది. మొదట్లో బాగా నవ్వించేవాడు. తర్వాత ఎవరితో మాట్లాడిందోనని ఫోన్ లాక్కుని చూసేవాడు. నేను నీదాన్నేనని ఒట్టేయమనేవాడు. ఇక కలవనని చెప్పిన మర్నాడే వాడు పోయాడు.

“అప్పట్నించీ నా వెనకే నడుస్తున్నాడమ్మా. నేనాగితే వాడూ ఆగుతాడు.”

నిద్ర లేకపోతే అలాగే అనిపిస్తుందని తల్లి సర్దిచెప్పింది.

డాబా మీద ఎండ మండిపోతోంది. విస్తరిలో బిర్యానీ, పక్కన కూల్‌డ్రింకు, ఒక సిగరెట్టు. కేబుల్ వైరు మీద కాకులు బారుగా కూర్చున్నాయి. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి నీళ్ల ట్యాంకు నీడలో పడుకున్నారు. తండ్రి సాంబయ్య తల ఎత్తలేదు.

కౌసల్యమ్మ ఆమని భుజం పట్టుకుని విస్తరి ముందు నిలబెట్టింది. “నీదాన్నే అని ఒక్క మాటను బిడ్డా. సచ్చినోనికి చెప్తే నీకేం పోతది?”

వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు ఆమనికి తెలుస్తోంది.

“బండెక్కి తిరగనీకి కాళ్లొచ్చె, ఇప్పుడు మాటొస్తలేదు,” అంది శివ మేనత్త ఒకామె.

అందరూ ఆకలితో ఆ పిల్ల మొహం వైపే చూస్తున్నారు. త్వరగా ముగిస్తే ఇంటికెళ్లిపోవచ్చుననిపించింది కనకమహాలక్ష్మికి. రెండు చేతులూ జోడించింది.

“మా అమ్మాయి నీదే నాయనా. ముట్టు.”

ఒక కాకి దిగింది. విస్తరి అంచున నిలబడి ముద్ద ముక్కున కరుచుకుంది. ఎవరో హమ్మయ్య అన్నారు. ఆడవాళ్లు కిందికి దిగారు. గిన్నెల చప్పుడు మొదలైంది.

ఆమని విస్తరి దగ్గరికి వెళ్లి వంగింది. గొంతు పెంచలేదు. “ఆ మాట మా అమ్మది శివా. నాది కాదు. నేను నీదాన్ని కాను. అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తున్నా.”

కాకి కదలడం మానేసింది. ముక్కున ఉన్న ముద్దను, తీసిన చోటే, విస్తరిలో తిరిగి పెట్టింది.

కౌసల్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “నా కొడుకు ఆగమైతడు బిడ్డా,” అని గొణిగింది.

కాకి ఎగిరిపోలేదు. ఆమనిని వదిలేసి, తల పక్కకు వంచి ఆమె తల్లిని చూస్తూ నిలబడింది. చాలాసేపు చూసింది. కనకమహాలక్ష్మికి మెల్లగా అర్థమైంది. మోకాళ్లు పట్టుకుని విస్తరి ముందు చతికిలబడింది.

“మాటిచ్చింది నేను బాబూ. అడిగేదేదో నన్నడుగు. పిల్లనొదిలెయ్.”

కాకి ముద్ద అందుకుని మింగింది. వైరు మీదివి కూడా ఒక్కొక్కటే దిగాయి.

తినిపొమ్మని సాంబయ్య అన్నాడు కానీ వాళ్లు ఆగలేదు. నాచారం రోడ్డు మీద ఆమని ముందు నడుస్తూ చెవులు రిక్కించింది. తన వెనక ఏమీ లేదు. కాస్త దూరం అలాగే నడిచి, నమ్మకం కుదరక వెనక్కి తిరిగింది.

తల్లి నెమ్మదిగా వస్తోంది. కూతురు ఆగడం చూసి తనూ ఆగింది. తల్లి ఆగాక, ఒక అడుగు ఆలస్యంగా, ఆమె వెనక మరో జత చెప్పుల చప్పుడు ఆగింది.

ఆమని పరుగున రాబోయింది. తల్లి చెయ్యెత్తి వారించింది.

“నువ్వు నడువమ్మా,” అంది. “నా కోసం ఆగకు.”