గోడ దగ్గిన మధ్యాహ్నం

రోజూ చేతిలో ఉన్న జాకెట్లు కుట్టడం పూర్తయ్యాక, మిషను మీద గుడ్డ కప్పేసి అక్క పెరట్లోకి వెళ్లేది. ఎండుగడ్డి మోపుల్ని ఇటుకల్లా పేర్చి, దబ్బనంతో, పురికొసతో ఒకదానికొకటి బిగించి కుట్టి, తమ్ముడికో గది కడుతోంది. గుమ్మం, కిటికీలు వాడు కూల్చిన ఇళ్లలోవే. పాత భవనాలు పడగొట్టడం వాడి పని. ఆ దుమ్మంతా ఛాతీలో చేరి, నాలుగు మాటలు మాట్లాడేసరికి రొప్పు వచ్చేది. డాక్టరు ఆ పని మానేయమన్నాడు. వాడు వింటేనా? అక్క ఇంట్లో కూర్చుని తింటే నలుగురూ ఏమంటారని వాడి బాధ.

మట్టిపూత ఆరిన రోజున గోడ ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. పడుకున్న ఆవు డొక్కలా మెల్లగా ఉబ్బేది, మెల్లగా తగ్గేది. పూత వేసిన మేస్త్రి అరచెయ్యి ఆనించి చూసి, రెండో పూత పల్చగా వెయ్యాలి, లేకపోతే పాపం ఆయాసపడుతుంది అన్నాడు. పక్కింటావిడ ఏడుస్తున్న చంటిదాన్ని తెచ్చి కాసేపు ఆ గోడవారన పడుకోబెట్టుకుని వెళ్లింది.

తమ్ముడు మాత్రం ఎక్కడో దూరాన మిల్లు కూల్చే పనికి ఒప్పుకున్నాడు. బయల్దేరే మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని చెప్పడానికొచ్చాడు. అక్క తిట్టలేదు, బతిమాలలేదు.

"లారీ వచ్చేదాకా కాస్త నడుం వాల్చరా," అంది, అంతే.

వాడు గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి వాడి ఊపిరీ గోడ ఊపిరీ కలిసిపోయాయి. ఏళ్ల తరబడి కూర్చునే కునుకు తీసినవాడు అలా పక్కకి ఒరిగి ఒళ్లు మరిచి నిద్రపోయాడు. అక్క గుమ్మంలో కూర్చుని కాజాలు కుడుతూ వాణ్నే చూస్తోంది.

అప్పుడు గోడ దగ్గింది. తెరలు తెరలుగా దగ్గింది. దగ్గినప్పుడల్లా పూతలోంచి సిమెంటు దుమ్ము, ఇటుకపొడి రాలి నేలంతా బూడిదరంగైంది. చివరికి కిటికీ పక్కన జానెడు పగులు విచ్చింది.

ఆ చప్పుడుకి వాడు లేచాడు. అలవాటుగా ఛాతీ పట్టుకుని గాలి పీల్చాడు. గాలి అడ్డు లేకుండా అడుగుదాకా వెళ్లింది. నేల మీది దుమ్ముని, పగులుని చాలాసేపు చూశాడు.

"ఇది నా దగ్గే కదక్కా."

"నీదే."

బయట లారీ హారన్ మోగింది. అక్క తల ఎత్తలేదు గానీ సూది ఆగిపోయింది. వాడు బయటికి నడిచాడు. లారీ కదిలిన చప్పుడైంది, వీధి మలుపు దాటింది. అక్క కళ్లు తుడుచుకుంటుంటే వాడు మట్టి తట్టతో లోపలికొచ్చాడు.

లారీవాళ్లకి ఏం చెప్పావని అడిగింది.

"ఇంట్లో ఒకళ్లకి ఒంట్లో బాగాలేదని చెప్పాను," అన్నాడు, పగుల్లో మట్టి మెల్లగా నొక్కుతూ.